నీళ్లొచ్చిన రోజే పోలింగ్ ఉంటే? వాయిదా, ఇంటి దగ్గర ఓటు, బూత్ మార్పు: ఏది మేలు?

2024 మే 13న మా అత్తయ్య ఓటేసిన బడి, అదే ఏడాది సెప్టెంబర్ 1 ఆదివారం నాటికి నడుము లోతు నీళ్లలో ఉంది. మధ్యలో మూడున్నర నెలలే. మా ఇల్లు విజయవాడలో సింగ్ నగర్ దాటి పాయకాపురం వైపు. ఆ పొద్దున డాబా ఎక్కి చూస్తే వీధి లేదు, గేట్ల పైకొసలు, కార్ల కప్పులు మాత్రం కనిపించాయి. మూడో రోజు పడవ దొరికింది. ఫ్లైఓవర్ దగ్గర దిగి, అత్తయ్యని ఇద్దరు కుర్రాళ్లు కుర్చీలో మోసుకొస్తే, అక్కడి నుంచి గుంటూరులో మా ఆడపడుచు ఇంటికి చేరాం. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాం.

ఈమధ్య ఇంట్లో కార్పొరేషన్ ఎన్నికల మాట వచ్చింది. "మళ్లీ అలాంటి నీళ్లు ఓట్ల రోజే వస్తే ఏం చేస్తారమ్మాయ్?" అని అడిగింది అత్తయ్య. నేను టీచర్‌ని, నాలుగుసార్లు పోలింగ్ డ్యూటీ చేశాను, కాబట్టి నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. "వాయిదా వేస్తారు అత్తయ్యా" అన్నాను. "వేస్తే వేశారు. ఆ తర్వాత నా ఓటు ఎక్కడికీ పోదుగా?" అంది.

మొదటి ప్రశ్నకి చట్టంలో జవాబు ఉంది. రెండోదానికి తేలికగా "పోదు" అనలేకపోయాను. డ్యూటీలో చూసిందీ, వరదలో చూసిందీ పక్కపక్కన పెట్టి ఆలోచించాక నాకు అనిపించింది ఇక్కడ రాస్తున్నాను.

"మన ఎన్నికలు ఎండాకాలంలో వస్తాయి, వరదలు వానాకాలంలో వస్తాయి, రెండూ ఎక్కడ కలుస్తాయి?" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరు అన్నారు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల వరకు కృష్ణ వరద మాట నిజమే. తుఫాను మాట కాదు. 1990లో కృష్ణా డెల్టాని ఊడ్చేసిన తుఫాను మే 9న తీరం దాటింది. లైలా 2010 మే 20న బాపట్ల దగ్గర దాటింది. 2022లో అసని కూడా మే నెలలోనే మచిలీపట్నం వైపు వచ్చింది. 2024లో మనం ఓటేసింది మే 13న. ఇక ఉప ఎన్నికలకీ, పంచాయతీ, కార్పొరేషన్ ఎన్నికలకీ కాలం అంటూ లేదు. పైగా 2021 మార్చిలో మన కార్పొరేషన్ ఎన్నికలు కాగితం బ్యాలెట్ల మీద, డబ్బాలతో జరిగాయి. కాగితానికి నీళ్లు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎంత ముందు తెలుస్తుంది?

ఏది మేలో తేల్చే ముందు ఒక తేడా గమనించాలి. బెజవాడకీ గుంటూరుకీ వచ్చే ఆపదలు మూడు రకాలు, మూడూ వేర్వేరు వేగంతో వస్తాయి.

తుఫానుకి వాతావరణ శాఖ దాదాపు 72 గంటల ముందే మొదటి సమాచారం ఇస్తుంది, 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిస్తుంది. కృష్ణ వరద అయితే పైనున్న శ్రీశైలం, సాగర్, పులిచింతల గేట్లు ఎత్తినప్పుడే కబురు అందుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. 2024 సెప్టెంబర్ 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. 2009 అక్టోబర్‌లో మునిగిన, నది ఒడ్డునే ఉన్న కృష్ణలంకని ఈసారి రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది.

బుడమేరు అలా కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే చిన్న ఏరు అది. కొండల్లో కుండపోత కురిస్తే గంటల్లో ఊరి మీదకి వస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర గేట్లు ఎత్తడం, డైవర్షన్ కాలువకి గండ్లు పడటం అన్నీ కలిసి ఆ రోజు మా కొంపలు నిజంగానే కొల్లేరయ్యాయి. రాత్రి అన్నం తిని పడుకున్నవాళ్లకి తెల్లారేసరికి మంచం కింద నీళ్లు.

మూడు రోజుల ముందు తెలిసే ఆపదకి పనికొచ్చే ఏర్పాటు, మూడు గంటల ముందు తెలిసే ఆపదకి పనికిరాదు. వాయిదా గొప్పదా, బూత్ మార్పు గొప్పదా అని వాదించుకునేవాళ్లు ఈ తేడాని వదిలేస్తారు.

వాయిదా

ముందుగా గుర్తొచ్చేది ఇదే, చట్టంలో స్పష్టంగా ఉన్నదీ ఇదే. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకి వర్తించే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 57వ సెక్షన్‌లో ప్రకృతి వైపరీత్యం అన్న మాట నేరుగా ఉంది. అలాంటిది వస్తే పోలింగ్ ఆపే అధికారం బూత్‌లో కూర్చున్న ప్రిసైడింగ్ ఆఫీసర్ (పీఓ)కే ఉంది. చిన్న జల్లు పడిందనో, కాసేపు గాలి వీచిందనో ఆపకూడదని శిక్షణలో గట్టిగా చెబుతారు. అది సబబే.

ఆపితే ఏమవుతుందో చాలామందికి తెలియదు, అందుకే భయపడతారు. అప్పటిదాకా పడిన ఓట్లు పోవు. యంత్రానికి, టిక్కులు పెట్టిన ఓటర్ల జాబితాకి, సంతకాలు తీసుకునే 17-ఏ రిజిస్టర్‌కి ఏజెంట్ల ముందే సీలు వేస్తారు. మళ్లీ పోలింగ్ పెట్టిన రోజు ఆ జాబితా, ఆ రిజిస్టర్ సీలు విప్పి, కొత్త యంత్రంతో ఆగినచోటి నుంచి కొనసాగిస్తారు. ముందే ఓటేసినవాళ్లు మళ్లీ రానక్కర్లేదు. రీపోల్ సంగతి వేరు. అది 58వ సెక్షన్. యంత్రం నీళ్లలో మునిగి పాడైపోయిందనుకోండి, అక్కడి పోలింగ్ మొత్తం రద్దయి అందరూ మళ్లీ ఓటేయాల్సి రావచ్చు. అప్పుడు సిరా చూపుడువేలికి కాకుండా ఎడమచేతి మధ్యవేలికి పెడతారు. అందుకే నీళ్లు గుమ్మం దాకా వచ్చేవరకు చూస్తూ కూర్చునే పీఓ కన్నా, గంట ముందే యంత్రాన్ని సీలు చేసి పైఅంతస్తుకి చేర్చిన పీఓ ఓటర్లకి ఎక్కువ మేలు చేసినట్టు.

ఇదంతా వాయిదాకి అనుకూలమైన మాట. ప్రాణం ముందు, ఓటు తర్వాత. దీనితో ఎవరికీ పేచీ లేదు.

నా దిగులంతా వాయిదా తర్వాతి రోజు గురించి. ఆరు వారాలన్న వాయిదా ఎంత సాగుతుందో మన రాష్ట్రమే చూసింది. 2020 మార్చి 15న కరోనా కారణంగా స్థానిక ఎన్నికలని ఆరు వారాలు ఆపుతున్నట్టు ప్రకటించారు. పురపాలక పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. దాదాపు ఏడాది. ఒడిశాలో 2019 మే 3న ఫణి తుఫాను వచ్చింది. అక్కడ పట్కురా స్థానంలో అభ్యర్థి మరణం వల్ల అప్పటికే ఒకసారి ఆగిన ఎన్నిక, తుఫానుతో మళ్లీ ఆగి జూలై 20న జరిగింది. ఆ నిర్ణయాలు తప్పని నేను అనడం లేదు. వాయిదా వేసేవాళ్ల చేతుల్లో కూడా తర్వాతి తేదీ పూర్తిగా ఉండదని చెబుతున్నాను.

రెండో తేదీకి ఎవరు రాలేరో చూడండి. 2024 మేలో హైదరాబాద్ నుంచి బస్సుల్లో నిలబడి, రైళ్లలో వేలాడి మన ఊళ్లకి వచ్చి ఓటేసినవాళ్లు ఎందరో. రెండోసారి సెలవు పెట్టుకుని, మళ్లీ ఛార్జీలు పెట్టుకుని వాళ్లలో ఎందరు వస్తారు? మా వీధి చివర అద్దెకున్న ఆటో డ్రైవర్ కుటుంబం, వరద తర్వాత ఇల్లు ఖాళీ చేసి నున్న వైపు వెళ్లిపోయింది. ఆటో ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయి, బాగుచేయించడానికి అప్పు. ఆ మనిషి ఓటు కోసం ఒక రోజు బేరాలు వదులుకోవడమే కష్టం, రెండోసారి కూడా వదులుకోమని ఎలా అడుగుతాం?

ఇంకో చిక్కు. వాయిదా పడిన బూత్‌ల పోలింగ్ పూర్తయ్యేదాకా ఆ స్థానంలో ఓట్లు లెక్కపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఒక రకంగా మంచిదే, ఫలితం తెలిశాక ఎవరూ ఓటేయరు. కానీ నియోజకవర్గమంతా అయిపోయి పదిహేను బూత్‌లే మిగిలాయనుకోండి. అన్ని పార్టీల మనుషులు, డబ్బు, ఒత్తిడి ఆ పదిహేను వీధుల మీదే పడతాయి. అప్పుడే నీళ్లలోంచి బయటపడి, బురద ఎత్తి పోసుకుంటున్న జనం మీద అంత బరువు పెట్టడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

అందుకే బుడమేరులాంటి హఠాత్తు వరదకి వాయిదా తప్పదంటాను, అదీ మునిగిన బూత్‌ల వరకే. తుఫానుకీ కృష్ణ వరదకీ మాత్రం అది చివరి మార్గంగా ఉండాలి. మూడు రోజుల ముందే తెలిసి కూడా ఏమీ చేయకుండా చివరి గంటలో వాయిదా వేస్తే, అది ఓటర్ల తప్పు కాదు, శిక్ష మాత్రం వాళ్లకే.

ఇంటి దగ్గరే ఓటు

85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే పోస్టల్ బ్యాలెట్ ఇచ్చే పద్ధతి 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా అమలైంది. 12-డి ఫారం నింపి ఇస్తే, పోలింగ్ సిబ్బంది, వీడియో తీసే మనిషి, పోలీసు కలిసి ఇంటికి వస్తారు. దీన్ని అందరికీ ఇచ్చేస్తే వరద సమస్యే ఉండదు కదా అని కొందరంటారు.

ఉంటుంది. 12-డి ఇవ్వాల్సింది నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు. పోలింగ్‌కి వారాల ముందు. వరద వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు? ఒక బృందం రోజుకి తిరిగే ఇళ్లు కొన్నే. పడవలో తిరగాలంటే ఇంకా తక్కువ. ఆ పడవ పాలప్యాకెట్లకీ, గర్భిణులకీ, డయాలసిస్ రోగులకీ కావాలి. మా అత్తయ్యకి 78 ఏళ్లు, మోకాళ్లు రెండూ పోయాయి, అయినా ఆమె ఈ లెక్కలోకి రాదు.

అయితే ఇందులో ఒక లాభం ఎవరూ పెద్దగా చెప్పరు. ఇంటి దగ్గర ఓట్లు పోలింగ్ రోజుకి ముందే పూర్తవుతాయి. ఆ రోజు తుఫాను వచ్చినా ఆ ఓటు భద్రం. కాబట్టి అర్హత ఉన్న పెద్దవాళ్లు "మేం నడవగలంలే, బూత్‌కే వెళ్తాం" అని పట్టుదలకి పోకుండా, వానలు, తుఫాన్ల నెలల్లో ఎన్నిక వస్తే మాత్రం 12-డి ఇవ్వడం మంచిది. సహాయ పనుల్లో ఉండే సిబ్బంది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కరెంటు లైన్‌మెన్, ఫైర్ సిబ్బంది, పడవలు నడిపేవాళ్లు ఆ రోజు ఎవరి ఇల్లో కాపాడుతూ తమ ఓటు పోగొట్టుకుంటారు. అత్యవసర సేవల్లో ఉన్నవారికి పోస్టల్ ఓటు ఇచ్చే దారి ఇప్పటికే ఉంది. ఏయే శాఖలు అనే జాబితాలో విపత్తు సిబ్బందిని మర్చిపోకుండా చూడాలి.

బూత్‌ని మార్చడం, శిబిరంలో బూత్ పెట్టడం

నా మొగ్గు ఇటువైపు. కానీ ఇందులోనూ రెండు దారులున్నాయి, రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు.

మొదటిది పునరావాస శిబిరంలోనే బూత్ పెట్టడం. మన దేశంలో దీనికి అలవాటు ఉంది. కశ్మీర్ లోయ వదిలి వచ్చిన పండిట్ల కోసం జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీలో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలు నడిచాయి. 2024లో మణిపూర్‌లో ఘర్షణల వల్ల ఇళ్లు వదిలినవాళ్లు శిబిరాల దగ్గరే ఓటేశారు. అక్కడివి ప్రకృతి విపత్తులు కావు, అయినా మనిషి ఇల్లు వదిలి వచ్చాక ఓటు అతని వెంట వెళ్లగలదని అవి చూపించాయి.

విజయవాడకి ఇది ఎంతవరకు సరిపోతుంది? మా వీధిలో ముప్ఫై ఇళ్లుంటే, శిబిరానికి వెళ్లింది నాకు తెలిసి నాలుగైదు కుటుంబాలే. కొందరు డాబాల మీదే ఉండిపోయారు. మిగతావాళ్లు మాలాగే గుంటూరు, మంగళగిరి, గన్నవరం, గుడివాడ అంటూ చుట్టాల ఇళ్లకి చేరారు. శిబిరంలో బూత్ పెడితే ఆ నాలుగైదు కుటుంబాలకే పెట్టినట్టు.

రెండో ఇబ్బంది ఇంకా సున్నితమైనది. శిబిరం అంటే అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, దుప్పట్లు. అవి పంచడానికి వచ్చేవాళ్ల మెడలో కండువాలుంటాయి. వాళ్లలో మనసుపెట్టి సేవ చేసేవాళ్లు నిజంగా ఉన్నారు, మాకు మొదటి పాలప్యాకెట్ అందించింది అలాంటి ఒక కుర్రాడే. అయినా పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల ప్రచారం చేయకూడదన్నది చట్టం. పొద్దున పొట్లం చేతికిచ్చిన మనిషి సాయంత్రం అదే వరండాలో క్యూ పక్కన నిలబడి ఉంటే, నోరు తెరవకపోయినా అది ప్రచారమే అవుతుంది. శిబిరంలో బూత్ పెట్టాలంటే ఆ రెండు రోజులు పంపిణీ అంతా ప్రభుత్వ సిబ్బంది చేతుల మీదుగానే జరగాలి.

మూడో సంగతి భవనాలు. మన దగ్గర పోలింగ్ కేంద్రం అంటే బడి. పునరావాస కేంద్రం అంటే కూడా బడే. పోలింగ్ సిబ్బంది అంటే టీచర్లు, సచివాలయ ఉద్యోగులు, వీఆర్‌ఓలు. వరద డ్యూటీ అంటే కూడా వాళ్లే. ఒకే గదిలో ఒకవైపు చంటిపిల్లలు పడుకుని ఉంటే ఇంకోవైపు ఓటింగ్ కంపార్ట్‌మెంట్ పెట్టలేం. ఎన్నికల ఏడాదిలో ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి, ఏ బడి దేనికి అన్నది ముందే తేల్చుకోవాలి. నాకైతే ఇది అన్నిటికన్నా చౌకైన, అన్నిటికన్నా అవసరమైన పని.

రెండో దారి, మునిగే బూత్‌లని కలిపి సురక్షితమైన ఒక పెద్ద ఆవరణకి మార్చడం. పది బూత్‌లుంటే పది గదులు, ఏ బూత్ జాబితా ఆ గదిలో, ఏ బూత్ యంత్రం ఆ గదిలో. ఓటరుకి బూత్ నంబర్ మారదు, భవనం మాత్రమే మారుతుంది. దీనికి వయనాడ్‌ని చూడొచ్చు. 2024 జూలై 30న ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలు కొండచరియల కింద నలిగిపోయాయి. నవంబర్ 13న అక్కడ లోక్‌సభ ఉప ఎన్నిక. చెల్లాచెదురైన ఓటర్ల కోసం బూత్‌లకి వేరే చోట ఏర్పాటు చేసి, అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు వచ్చేందుకు ఉచిత వాహనాలు నడిపారు. మూడు నెలలుగా విడిపోయిన ఇరుగుపొరుగు ఆ క్యూలో కలుసుకుని ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. శిబిరంలో బూత్ కన్నా ఇది మేలు అని నేననడానికి ఇదీ ఒక కారణం. చుట్టాలింట్లో ఉన్నా, శిబిరంలో ఉన్నా, డాబా మీద ఉన్నా అందరూ రావాల్సింది ఒకే చోటికి. మన వీధివాళ్లు మన వీధివాళ్లతోనే నిలబడతారు. ఏజెంట్లు మనుషుల్ని గుర్తుపడతారు, దొంగ ఓట్ల భయం తక్కువ.

ఇందులోనూ చిక్కులున్నాయి. బూత్ మార్చాలంటే ఎన్నికల సంఘం అనుమతి కావాలి, పార్టీలకి చెప్పాలి, ప్రతి ఓటరుకీ తెలియాలి. ఆ చివరిదే కష్టం. 2024 వరదలో కరెంటు లేక మా ఫోన్లు మొదటి రోజు సాయంత్రానికే ఆగిపోయాయి. మెసేజ్ పంపాం అంటే సరిపోదు. మైకు కట్టిన ఆటో, గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, అన్నం పొట్లం మీద అంటించిన చీటీ, పాత బూత్ గోడ మీద నీటిమట్టానికి పైన పెద్ద అక్షరాలతో బోర్డు, ఇవన్నీ కావాలి.

ఎత్తైన చోటు అన్నంతమాత్రాన కూడా సరిపోదు. 2024 ఆగస్టు 31న ఇటు బుడమేరు ఇంకా పొంగకముందే అటు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. కొండ వాలులో ఉన్న బడి వరదకి సురక్షితం, వానకి కాదు. ఇక వృద్ధులు, వికలాంగుల కోసం బూత్ కింది అంతస్తులోనే ఉండాలన్న నియమం ఉంది, అది న్యాయమైనదే. మా దగ్గర మొదట మునిగేది ఆ కింది అంతస్తే. బూత్‌ని మేడ మీదకి ఎక్కించి మా అత్తయ్యని మెట్లెక్కమంటే ఆమె ఓటు అక్కడే ఆగిపోతుంది. నీళ్లు చేరని నేల మీద, ర్యాంపు ఉన్న కింది అంతస్తే వెతకాలి.

బస్సుల విషయంలో ఒక జాగ్రత్త. అభ్యర్థి గానీ అతని మనుషులు గానీ ఓటర్లని ఉచితంగా వాహనాల్లో తీసుకెళ్తే అది అవినీతి చర్య కిందకి వస్తుందని అదే 1951 చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. మంచి మనసుతో తన ట్రాక్టర్ ఇచ్చిన వార్డు నాయకుడు కూడా చిక్కుల్లో పడతాడు. బస్సు అయినా పడవ అయినా అధికారులే పెట్టాలి, శిబిరం నుంచి, ఫ్లైఓవర్ నుంచి, గుంటూరు బస్టాండ్ నుంచి కూడా. అవును, గుంటూరు నుంచి కూడా. ఆ పన్నెండు రోజుల్లో పోలింగ్ ఉండి ఉంటే మేం ముగ్గురం రావాల్సింది అక్కడి నుంచే.

లంక గ్రామాలకైతే ఈ దారి అచ్చంగా సరిపోతుంది. కొల్లూరు వైపు లంకల్లో జనం, బ్యారేజీ దగ్గర రెండో హెచ్చరిక వచ్చేసరికే పశువులని తోలుకుని కరకట్ట మీదకి వస్తారు. వాళ్ల బూత్ కూడా వాళ్లతోపాటే ఒక రోజు ముందు కట్ట దాటి రావాలి. కృష్ణ అంత సమయం ఇస్తుంది.

బయటి దేశాల్లో

అమెరికాలో 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను న్యూజెర్సీని తాకింది. ఎనిమిది రోజుల్లో అధ్యక్ష ఎన్నిక. వాయిదా వేయలేదు. న్యూజెర్సీలో ఇల్లు వదిలినవాళ్లకి ఈమెయిల్‌లో, ఫ్యాక్స్‌లో ఓటు పంపే వీలిచ్చారు. అంత తాకిడికి కౌంటీ (జిల్లా లాంటిది) ఆఫీసులు తట్టుకోలేకపోయాయి, చాలామంది అభ్యర్థనలకి సమయానికి జవాబు వెళ్లలేదు. విపత్తు వచ్చాక కొత్త పద్ధతి కనిపెట్టడం ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది. న్యూయార్క్‌లో తుఫాను తాకిన కౌంటీలవాళ్లు రాష్ట్రంలో ఏ బూత్‌లోనైనా ఓటేయొచ్చన్నారు. తమ ప్రాంతం కాని చోట వేసినవాళ్ల ఓటు అధ్యక్షుడికి చెల్లింది గానీ, వాళ్ల సొంత ప్రాంతపు పదవులకి చెల్లలేదు. మన కార్పొరేషన్ ఎన్నికకి ఈ పద్ధతి తెస్తే వార్డు ఓటు అసలే లేకుండా పోతుంది. అక్కడ మనకి పనికొచ్చేది ఒకటుంది, పోలింగ్ రోజుకి ముందే కొన్ని రోజులపాటు ఎవరైనా వెళ్లి ఓటేసే వీలు. మనకి అది సాధారణ ఓటర్లకి లేదు. కనీసం తుఫాను హెచ్చరిక వచ్చిన తీర ప్రాంతాలకైనా రెండు రోజులు ముందు ఓటేసే అవకాశం గురించి ఆలోచించాలని నా కోరిక. దానికి చట్టం మారాలి, రేపే అయ్యే పని కాదు.

జాబితాలో పేరు

ఎన్ని ఏర్పాట్లు చేసినా జాబితాలో పేరు లేకపోతే ఏదీ మేలు కాదు. వరద తర్వాత మా ఇంటికి తాళం ఉన్న రోజుల్లో ఓటర్ల జాబితా చూసుకునే బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) వచ్చి ఉంటే "ఇక్కడ లేరు" అని రాసుకునేవారే. తాత్కాలికంగా వేరే చోటుకి వెళ్లినంతమాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోడని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట వరద ప్రాంతంలో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. ఇల్లు శాశ్వతంగా మారినవాళ్లు మాత్రం, ఆ ఆటో డ్రైవర్ కుటుంబంలా, ఫారం 8 ఇచ్చి కొత్త చిరునామాకి పేరు మార్చుకోవాలి.

కార్డులు తడిసిపోయినవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఓటరు కార్డు లేకపోయినా ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, పాన్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ కార్డు లాంటి వాటిలో ఏదైనా ఒకటి చాలు. ఓటరు స్లిప్ ఒక్కటే చూపిస్తే మాత్రం ఒప్పుకోరు. నీళ్లలో పోయిన కార్డుకి మారుగా కొత్తది కూడా ఫారం 8తోనే అడగొచ్చు. మా ఇంట్లో ఇప్పుడు నలుగురి కార్డులూ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అటక మీద ఉన్నాయి, ఫోన్‌లో కాపీలు కూడా.

పోలింగ్ కేంద్రాల ముసాయిదా జాబితా వేసినప్పుడు సూచనలు తీసుకుంటారు. ఈసారి మా అత్తయ్యతోనే సంతకం పెట్టించి ఒక కాగితం సిద్ధం చేశాను. మా బూత్ ఉన్న బడిలో 2024లో నీళ్లు ఏ కిటికీ దాకా వచ్చాయో ఫొటో, ఫ్లైఓవర్ అవతల నీళ్లు చేరని ఒక కాలేజీ పేరు, అక్కడ ర్యాంపు ఉందన్న మాట, మా ఇంటి నుంచి దానికి ఎన్ని కిలోమీటర్లో, వరద వస్తే మమ్మల్ని అక్కడికి ఏ వాహనంలో చేరుస్తారన్న ప్రశ్న. వీధిలో పందొమ్మిది ఇళ్లవాళ్లు సంతకాలు చేశారు. నున్న వైపు వెళ్లిన ఆటో డ్రైవర్ ఫోన్ చేసి, అక్కడి బూత్‌కి కూడా ఇలాంటి కాగితం ఒకటి రాసిమ్మన్నాడు.